బడులకు, ఆస్పత్రులకు, కాలేజీలకు ర్యాంకులు: ఆ వరసలో పనితనమెంత, అదృష్టమెంత?

పొన్నూరు_లెక్కలు

అందరికీ నమస్కారం. పొన్నూరు వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పదో తరగతి ఫలితాలు రాగానే మా వాట్సాప్ గ్రూపులో ఒక ఎక్సెల్ షీటు పడింది. మండలంలోని బడులన్నీ ఉత్తీర్ణత శాతం ప్రకారం వరసగా ఉన్నాయి. పైవాటికి పచ్చరంగు, కిందివాటికి ఎరుపు. కిందటేడు మాది పచ్చ, ఈసారి ఎరుపు. పాఠాలు చెప్పేది వాళ్లే, పుస్తకాలు అవే, పిల్లలొచ్చేదీ అవే ఊళ్ల నుంచి. మా దగ్గర పదో తరగతి రాసేది డజను మంది. అందులో ఇద్దరు తప్పారు. అంతే, రంగు మారింది. సమీక్షలో హెచ్చెమ్ గారిని నిలబెట్టి కారణం చెప్పమన్నారు. ఏం చెబుతారాయన?

సంస్థల పనితీరు కొలవొద్దని నేను అనను. ఇద్దరు తప్పితే నిజంగా మా బడి దిగజారినట్టేనా, లేక ఇది ఏ బడికైనా జరిగేదేనా? ఈ రెంటినీ విడదీసి చూపే పద్ధతి స్టాటిస్టిక్స్‌లో ఏదో ఉండే ఉంటుంది. తెలిసినవాళ్లు చెప్పండి. ఈసారి సమీక్షకు హెచ్చెమ్ గారు వట్టి చేతులతో వెళ్లకూడదు.

పటమట_అమ్మ

మాస్టారూ, మీ బాధ అర్థమైంది. అయినా ఒక మాట అంటాను. మా పాపను ఎనిమిదో తరగతిలో ఎక్కడ వేయాలా అని పటమట నుంచి సత్యనారాయణపురం దాకా తిరుగుతున్నాం. ఏ బడి ముందు చూసినా ఫ్లెక్సీ, దాన్నిండా పిల్లల ఫొటోలు, కింద మార్కులు. ఎంతమంది రాస్తే ఆ పదిమందికి ఆ మార్కులొచ్చాయో ఎక్కడా ఉండదు. దానికంటే మీ ఎక్సెల్ షీటే నయం కదండీ? ర్యాంకులే వద్దంటే మాకు చివరికి మిగిలేవి ఫ్లెక్సీలే. పోల్చొద్దని మాత్రం అనకండి. సరిగ్గా పోల్చే దారి చెప్పండి.

గణాంకం_గుంటూరు

గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ చెబుతాను. అమ్మగారు అడిగినదే అసలు ప్రశ్న. పోల్చాల్సిందే. కాకపోతే శాతం ఒక్కటే చూసి వరస కట్టకూడదు. ఆ శాతం ఎంతమంది మీద వచ్చిందో కూడా లెక్కలోకి రావాలి.

ఒక బడిలో ప్రతి పిల్లాడికీ పాసయ్యే అవకాశం సరిగ్గా 85 శాతం అనుకుందాం. బడి ఏమీ మారలేదు, మాస్టార్లు మారలేదు. అయినా ఏటా ఫలితం 85 దగ్గరే ఆగదు. పరీక్ష నాటి జ్వరం, ఇంట్లో గొడవ, చదవని పాఠం నుంచే ప్రశ్న రావడం, ఇవన్నీ కలిసి దాన్ని అటూ ఇటూ జరుపుతాయి. ఎంత జరుపుతాయో లెక్క కట్టొచ్చు. 85ని 15తో గుణించి, పిల్లల సంఖ్యతో భాగించి, వర్గమూలం తీస్తే వచ్చేది స్టాండర్డ్ ఎర్రర్. 20 మంది రాసే బడికి అది 8 శాతం. దానికి రెట్టింపు అటూ ఇటూ పెడితే, ఏ మార్పూ లేకుండానే ఒక ఏడు 69, ఇంకో ఏడు 100 రావచ్చు. 100 మంది రాస్తే అదే 78 నుంచి 92 దాకా. 400 మంది రాస్తే దాదాపు 81 నుంచి 89.

అందువల్ల శాతాల వరసలో పైనా కిందా రెండు చివర్లలోనూ చిన్న బడులే పేరుకుంటాయి. పెద్ద బడులు మధ్యలో ఉండిపోతాయి. ఆ చిన్న బడులు అంత గొప్పవీ కాకపోవచ్చు, అంత చెడ్డవీ కాకపోవచ్చు.

మాస్టారి డజను మంది సంగతి విడిగా చూశాను. 85 శాతం బడిలో 12 మంది రాస్తే, ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది తప్పే అవకాశం దాదాపు 56 శాతం. అంటే రెండేళ్లకు ఒకసారికి మించే ఇలా జరుగుతుంది. అందరూ పాసయ్యే అవకాశం 14 శాతం. హెచ్చెమ్ గారిని నిలబెట్టి అడగాల్సింది ఇందులో ఏమీ లేదు.

ఇక్కడ మన వైపు పెరిగిన మనిషిని తలుచుకోవాలి. గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి చిన్నప్పటి చదువులో కొంత నూజివీడు, నందిగామ బళ్లలోనే సాగింది. 1945లో ఆయన అచ్చువేసిన వ్యాసంలోని ఫలితాన్నే ప్రపంచమంతా క్రామర్–రావు హద్దు అంటుంది. చేతిలో ఉన్న సమాచారాన్ని బట్టి, పక్షపాతం లేని (అంటే సగటున అసలు విలువకు అటో ఇటో ఒరగని) ఏ అంచనా అయినా ఒక స్థాయికి మించి కచ్చితంగా ఉండలేదని దాని సారం. పాస్ శాతం ఆ హద్దును సరిగ్గా తాకుతుంది. అంటే 20 మంది పిల్లల ఫలితం నుంచి ఆ 8 శాతం తడబాటును తగ్గించే పక్షపాతం లేని సూత్రం ఇంకొకటి లేదు. ఎంత పెద్ద అధికారి ఎంత గట్టిగా సమీక్షించినా ఆ సమాచారం పెరగదు.

బెంజిసర్కిల్_డేటా

సార్ చెప్పినదానికి రాష్ట్రం లెక్కలు జోడిస్తాను. 2024 పదో తరగతి ఫలితాల్లో 2,803 బడులు నూటికి నూరు, 17 బడులు సున్నా. పేపర్లన్నీ ఈ రెండు అంకెల్నే పెద్దక్షరాల్లో వేశాయి. ఏ బడిలో ఎంతమంది రాశారో మాత్రం వేయలేదు.

85 శాతం బడిలో పదిమంది రాస్తే నూటికి నూరు వచ్చే అవకాశం 20 శాతం. ఇరవై మందైతే 4 శాతం. వంద మందైతే కోటిలో ఒక వంతు కూడా లేదు. కాబట్టి వందమంది రాసి వందమందీ పాసైన బడి దగ్గర నిజంగా ఏదో ఉంది, వెళ్లి చూడాలి. పదిమంది రాసిన బడికి ఆ మాట చెప్పలేం. ఒకే జాబితాలో ఒకే వరసలో రెంటినీ నిలబెడితే ఎలా?

సున్నా బడుల విషయం వేరు. ముగ్గురు రాస్తే ముగ్గురూ తప్పడం 300లో ఒకసారి జరుగుతుంది, వేల బడుల్లో అలాంటివి కొన్ని కనపడటం సహజం. పదిమంది రాసి పదిమందీ తప్పితే మాత్రం అదృష్టం మీద తోసేయలేం.

గణాంకం_గుంటూరు

బాగా చెప్పారు. దీనికి అవతలి కొస జిల్లా ర్యాంకులు. 2023, 2024, 2025 మూడేళ్లూ పార్వతీపురం మన్యం జిల్లాదే మొదటి స్థానం. ఒక జిల్లాలో రాసేది వేలమంది కాబట్టి, అక్కడ అదృష్టం పాలు అర శాతం కూడా ఉండదు. ఆ ర్యాంకు నిఖార్సైన తేడానే చూపిస్తోంది. ఆ తేడా ఎందుకొచ్చిందన్నది వేరే ప్రశ్న, దానికి ర్యాంకు జవాబు చెప్పదు. చిన్న సంఖ్యల దగ్గర వరసే నిలబడదు. పెద్ద సంఖ్యల దగ్గర వరస నిలబడుతుంది గానీ కారణం దొరకదు.

వార్డు_డాక్టర్

గుంటూరు జీజీహెచ్‌లో హౌస్‌సర్జన్సీ చేసినవాణ్ణి, ఇప్పుడు ప్రైవేటులో ఉన్నాను. బడుల గొడవ ఆస్పత్రుల్లో పదింతలు ఉంటుంది. గుంటూరు పెద్దాస్పత్రికి పల్నాడు, బాపట్ల, ప్రకాశం నుంచి రిఫరల్స్ వస్తాయి. పాము కాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, హైవే యాక్సిడెంట్లు, చివరి నిమిషంలో అంబులెన్స్ ఎక్కిన గర్భిణులు. పక్కన యాభై పడకల నర్సింగ్ హోముకు వచ్చేది జ్వరాలు, అపెండిక్స్, నార్మల్ డెలివరీలు. మరణాల శాతం పక్కపక్కన పెడితే పెద్దాస్పత్రి భయంకరంగా కనిపిస్తుంది.

ఊహించిన అంకెలతో చూపిస్తాను. ‘క’ ఆస్పత్రిలో వెయ్యిమంది చేరారు, 900 తేలిక కేసులు, 100 విషమ కేసులు. తేలికవాటిలో 9 మంది, విషమ కేసుల్లో 20 మంది పోయారు. మొత్తం 2.9 శాతం. ‘గ’ ఆస్పత్రిలోనూ వెయ్యిమందే, కానీ 400 తేలిక, 600 విషమం. పోయింది తేలికవాటిలో 3, విషమంలో 90. మొత్తం 9.3 శాతం. వరస కడితే ‘క’ పైన, ‘గ’ బాగా కింద. విడదీసి చూడండి. తేలిక కేసుల్లో ‘క’కి 1 శాతం, ‘గ’కి 0.75. విషమ కేసుల్లో ‘క’కి 20, ‘గ’కి 15. రెండు రకాల రోగులకూ ‘గ’ ఆస్పత్రే మెరుగు, కలిపి చూస్తే అదే అధ్వానం. దీన్నే సింప్సన్ పారడాక్స్ అంటారు.

అందుకే ఉత్త శాతం కాకుండా, ‘ఇలాంటి రోగులే ప్రాంతం సగటు ఆస్పత్రికి వచ్చి ఉంటే ఎంతమంది పోయేవారు’ అని ముందు లెక్కగట్టి, జరిగిన మరణాల్ని దానితో భాగిస్తారు. ప్రాంతం సగటు తేలికకి 1, విషమానికి 17 శాతం అనుకుంటే, ‘క’కి అంచనా 26, జరిగింది 29, నిష్పత్తి 1.12. ‘గ’కి అంచనా 106, జరిగింది 93, నిష్పత్తి 0.88. బొమ్మ తలకిందులైంది.

గణాంకం_గుంటూరు

డాక్టరు గారూ, ఒక్క అడుగు ముందుకెళ్తాను, అక్కడే చాలామంది ఆగిపోతారు. 26 మరణాలు అంచనా ఉన్నచోట సహజమైన ఊగిసలాట దాదాపు 5. 29 అందులోనే ఉంది. 106 అంచనా ఉన్నచోట ఊగిసలాట 10 పైచిలుకు, 93కి 106కి తేడా 13. తేడా ఆ ఊగిసలాటకు రెట్టింపు దాటితే గానీ గట్టిగా మాట్లాడలేం. అంటే కేసుల తీవ్రత సర్దాక మీ రెండు ఆస్పత్రులూ సగటుకు భిన్నం అని ఈ ఒక్క ఏడాది లెక్కతో తేల్చలేం. 0.88 మొదటి ర్యాంకు, 1.12 రెండో ర్యాంకు అని రాయడం కూడా తప్పే. ఒక్కో ఆస్పత్రి నిష్పత్తి దాని సొంత రోగుల మిశ్రమం మీద కట్టింది కాబట్టి, ఆ రెంటినీ నేరుగా ఒకదానితో ఒకటి పోల్చడమూ అంత సరైంది కాదు. సగటుతోనే పోల్చాలి.

వార్డు_డాక్టర్

ఒప్పుకుంటాను. ఇంకోటి, భాగహారంలో కింద ఏ సంఖ్య పెడుతున్నామో చూడాలి. 1863లో ఫ్లోరెన్స్ నైటింగేల్ తన పుస్తకంలో లండన్‌లోని 24 ఆస్పత్రుల మరణాలు 90 శాతానికి పైగా ఉన్నాయని ఒక పట్టిక వేశారు. పైన ఏడాది మొత్తంలో పోయినవాళ్లు, కింద ఒక్కరోజు పడకల మీద ఉన్న రోగులు. అప్పట్లోనే దాని మీద పెద్ద రగడ జరిగింది.

మన దగ్గర ఇంకో సంగతుంది. ఆశ లేదని తెలిశాక ఇంటివాళ్లు రోగిని తీసుకెళ్లిపోతారు, రికార్డులో లామా (డాక్టరు వద్దన్నా వెళ్లిపోయారు) అని రాస్తారు. ఆ మనిషి రాత్రికి ఇంట్లో పోతే ఆస్పత్రి లెక్కలోకి రాడు. చివరి గంటలో పెద్దాస్పత్రికి పంపేస్తే పంపినవాళ్ల శాతం బాగుంటుంది, పుచ్చుకున్నవాళ్లది పాడవుతుంది. చేరిన నాటి నుంచి 30 రోజుల్లో ఎక్కడ పోయినా లెక్కపెడితే ఇది చాలావరకు సరిపోతుంది. దానికి డిశ్చార్జి రికార్డునీ మరణ ధృవీకరణనీ కలపాలి. చేయలేనంత కష్టమేం కాదు, పట్టించుకుంటే.

ఇవన్నీ చెప్పి లెక్కలే వద్దనేవాళ్లతో మాత్రం నేను కలవను. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1991 నుంచి 1995 దాకా, గుండె ఆపరేషన్ల తర్వాత మామూలుగా ఊహించేదానికంటే 30 నుంచి 35 మంది పసిపిల్లలు ఎక్కువగా పోయారని 2001లో విచారణ నివేదిక తేల్చింది. అంకెలు ఆస్పత్రిలో పుష్కలంగానే ఉన్నాయి, వాటిని చూడటం నా బాధ్యత అన్నవాడు లేడు. చిన్న సంఖ్యలని, కష్టమైన కేసులని సర్దిచెప్పుకుంటూ పోతే అలాంటివి మరుగున పడతాయి.

డిపో_రిటైర్డ్

నేను ఆర్టీసీలో చేసి రిటైరయ్యాను. మా దగ్గర డిపోలకు ఓఆర్ (సీట్లు ఎంతవరకు నిండాయన్నది), కేఎంపీఎల్ చూస్తారు. లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లన్నది డ్రైవరు మంచిచెడుల లెక్కలో పడుతుంది. విజయవాడ–గుంటూరు రోడ్డు మీద నాన్‌స్టాప్ తిప్పే బండికీ, ఊరూరా ఆగే పల్లెవెలుగుకీ, ఘాట్ రోడ్డు ఎక్కే బండికీ ఒకే కేఎంపీఎల్ ఎలా వస్తుంది? రూటునీ బండి వయసునీ విడదీసి ఒకే రూటు డ్రైవర్ల మధ్య పోలిస్తే అప్పుడు తేడా తెలిసేది. డాక్టరు గారు చెప్పింది చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

ఐక్యూఏసీ_విజయవాడ

ఇంజినీరింగ్ కాలేజీ వైపు నుంచి నా వంతు. కాలేజీలకు కేంద్ర విద్యాశాఖ ఇచ్చే ర్యాంకుల పద్ధతి ఎన్ఐఆర్ఎఫ్‌ను 2015 సెప్టెంబరులో ప్రకటించారు, మొదటి జాబితా 2016 ఏప్రిల్‌లో వచ్చింది. ఇంజినీరింగ్‌లో బోధన వనరులకు 30, పరిశోధనకు 30, చదువయ్యాక పిల్లల ఫలితాలకు 20, అందరికీ అవకాశానికి 10, పేరుప్రఖ్యాతులకు 10. ఈ బరువుల్ని ఎవరో కూర్చుని నిర్ణయించాలి, డేటా వాటంతట అదే చెప్పదు.

రెండు కాలేజీలు అనుకోండి. మొదటిదానికి బోధనలో 80, పరిశోధనలో 40. రెండోదానికి 60, 65. సగం సగం బరువు వేస్తే మొదటిది 60, రెండోది 62.5, రెండోదే ముందు. బోధనకు 60, పరిశోధనకు 40 చొప్పున వేస్తే మొదటిది 64, రెండోది 62. ఏ కాలేజీలోనూ ఒక్క ఇటుక కదల్లేదు, స్థానాలు మారిపోయాయి. నాకు తోచినంతవరకు ర్యాంకు వేసే ఎవరైనా బరువుల్ని కొద్దిగా అటూ ఇటూ జరిపి, ఎన్ని స్థానాలు తారుమారవుతాయో పక్కనే అచ్చువేయాలి. అలా జరిపినా నిలిచే స్థానాలే నమ్మదగ్గవి.

మంచివీ చెప్పాలి. జీతాల దగ్గర ఎన్ఐఆర్ఎఫ్ తీసుకునేది మీడియన్, అంటే వరసలో సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతం. ఒక్క కుర్రాడికి కోటి ప్యాకేజీ వస్తే సగటు ఎగిరిపోతుంది, మీడియన్ కదలదు. ఇంజినీరింగ్‌లో వంద దాటాక ఒక్కొక్కరికి ర్యాంకు ఇవ్వకుండా 101 నుంచి 150, 151 నుంచి 200 అని బ్యాండ్లు వేస్తారు. దశాంశాల తేడాతో నాలుగు స్థానాలు మారేచోట అదే న్యాయం. నన్నడిగితే మొదటి పది పదిహేను దాటగానే బ్యాండ్లు మొదలుపెట్టాలి. డేటా అంతా మేం, కాలేజీలవాళ్లం నింపి పంపేదే కాబట్టి తనిఖీ ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది.

సత్యనారాయణపురం_కుర్రాడు

మన ఊరి స్వచ్ఛ సర్వేక్షణ్ కూడా ఇదే కదా. 2020లో బెజవాడ 4, 2021లో 3, 2022లో 5, 2023లో 6. ఊళ్లో అందరూ పడిపోతున్నాం అన్నారు. 2021లో మొత్తం మార్కులు 6,000, 2022లో 7,500, 2023లో 9,500. ప్రశ్నపత్రమే మారుతుంటే కిందటేటి స్థానంతో పోల్చి ఏడవడమెందుకు? 2025 జులైలో వచ్చిన ఫలితాల్లో మాత్రం పద్ధతి మార్చారు. గత మూడేళ్లలో ఒక్కసారైనా మొదటి మూడు స్థానాల్లో నిలిచి, ఈసారీ పై 20 శాతంలో ఉన్న ఊళ్లను సూపర్ స్వచ్ఛ లీగ్ అని విడిగా ఒక గుంపుగా పెట్టారు. పెద్ద నగరాల్లో ఇండోర్, సూరత్, నవీ ముంబయితోపాటు విజయవాడ, తర్వాతి వర్గంలో గుంటూరు ఉన్నాయి. ఒకటో నంబరా ఆరో నంబరా అనే గొడవ తగ్గింది. నాకిది నచ్చింది.

బెంజిసర్కిల్_డేటా

చిన్న బడుల సమస్యకు ఇంకో పద్ధతి ఉంది, ష్రింకేజ్. ప్రతి బడి ఫలితాన్నీ జిల్లా సగటు వైపు కొంచెం లాగుతాం, పిల్లలు తక్కువైన కొద్దీ ఎక్కువ లాగుతాం. ఉదాహరణకు ప్రతి బడికీ 85 శాతం పాసయ్యే 20 మంది ఊహా విద్యార్థుల్ని కలుపుదాం. పదికి పది పాసైన బడి 30కి 27 అవుతుంది, 90 శాతం. 200కి 190 పాసైన బడి 220కి 207, 94 శాతం. పెద్ద బడి 95 చిన్న బడి 100ని దాటింది, దాటాలి కూడా. పదికి ఆరుగురే పాసైన బడి 60 నుంచి దాదాపు 77కి లేస్తుంది. ఆ 20 ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, బడుల మధ్య నిజమైన తేడా ఎంతుందో డేటా నుంచే అంచనా వేసి తెచ్చుకోవాలి. 1961లో జేమ్స్, స్టైన్ అనే ఇద్దరు నిరూపించింది ఇదే. మూడు లేదా అంతకంటే ఎక్కువ సంస్థల్ని కలిపి అంచనా వేసేటప్పుడు, దేనికది విడిగా తీసుకోవడం కంటే ఇలా లాగిన అంచనాల మొత్తం పొరపాటు తగ్గుతుంది. సార్ చెప్పిన హద్దు పక్షపాతం లేని అంచనాలకే కదా, ఇక్కడ తెలిసే కాస్త పక్షపాతాన్ని ఒప్పుకుంటున్నాం.

పటమట_అమ్మ

ఇది నాకు మింగుడు పడటం లేదు బాబూ. పదికి ఆరుగురే పాసైన బడిని 77కి లేపి చూపిస్తే, ఆ తప్పిన నలుగురు పిల్లల్ని పట్టించుకునేదెవరు? చిన్న బడుల్లో చదివేది ఎక్కువగా ఊరి చివర కాలనీల పిల్లలు. మీ లెక్క వాళ్లను కనపడకుండా చేస్తోంది.

గణాంకం_గుంటూరు

అమ్మగారి అభ్యంతరం బలమైంది, తేలిగ్గా తీసేయకూడదు. ష్రింకేజ్ ఒక్కో బడి గురించి మనకున్న అజ్ఞానాన్ని సగటుతో నింపుతుంది. డబ్బులో బహుమతులో పంచడానికి అది న్యాయం, లేకపోతే ఏటా అదృష్టానికి బహుమతి ఇచ్చినట్టవుతుంది. ఎక్కడో ప్రమాదం ఉందేమోనని వెతికేటప్పుడు దాన్ని ఒక్కదాన్నే నమ్మకూడదు.

వెతకడానికి ఫనెల్ ప్లాట్ వాడాలి. బ్రిటన్ గణాంక శాస్త్రవేత్త స్పీగల్‌హాల్టర్ 2005లో సంస్థల పోలికకు దీన్ని సిఫార్సు చేశారు. అడ్డంగా పిల్లల సంఖ్య, నిలువుగా పాస్ శాతం, మధ్యలో జిల్లా సగటు గీత, దానికి పైనా కిందా హద్దులు. పిల్లలు తక్కువున్న ఎడమవైపు హద్దులు బాగా విడిపోయి, కుడివైపు వెళ్లేకొద్దీ దగ్గరకొస్తాయి. లోపలున్న బడులకు ర్యాంకు లేదు, అవన్నీ ఒకటే. బయటపడ్డ బడికి వెళ్లి మాట్లాడాలి. జిల్లాలో 400 బడులుంటే 95 శాతం హద్దు పెట్టినప్పుడు ఏ కారణం లేకుండానే 20 బడులు బయటపడతాయి. అందుకని 99.8 శాతం హద్దు కూడా గీస్తారు, దాన్ని కేవలం అదృష్టం కొద్దీ దాటేది ఒకటి ఉంటే ఉంటుంది.

12 మంది రాసే బడికి, జిల్లా సగటు 85 అయితే, 8 మంది పాసైనా సగటుకంటే తక్కువ అని గట్టిగా చెప్పలేం. ఏడుగురికి దిగితే అడగాలి, అలా దిగే అవకాశం రెండున్నర శాతం లోపే. ఒక ఏడాదితో తేలకపోతే మూడేళ్లు కలపండి. 36 మంది అయ్యేసరికి హద్దులు చాలా దగ్గరకొస్తాయి. మూడేళ్లూ కిందే ఉన్న చిన్న బడి అప్పుడు దాక్కోలేదు. అమ్మగారు చెప్పిన కాలనీ పిల్లలు కనపడేది అక్కడే.

పొన్నూరు_లెక్కలు

సార్, ఇంకో రెండు సంగతులు. ఎరుపు జాబితా బడులకు ప్రత్యేక బృందం వస్తుంది, మరుసటేడు చాలావాటికి శాతం పెరుగుతుంది, బృందం వల్లే పెరిగిందంటారు. బృందం రాకపోయినా అదృష్టం బాగాలేక కిందికి పోయిన బడి తర్వాత సగటు వైపు లేవాల్సిందే కదా?

రెండోది ఇంకా బాధ. రంగు భయంతో కొన్నిచోట్ల వెనకబడ్డ పిల్లల్ని తొమ్మిదిలోనే ఆపేయడం, ఓపెన్ స్కూలుకు వెళ్లమనడం చూశాను. 35 మార్కుల అంచున ఉన్నవాళ్ల మీదే రాత్రి తరగతులన్నీ పెడతారు. 15 వచ్చేవాణ్ణి 30కి తెచ్చినా, 60 వచ్చేవాణ్ణి 80కి తెచ్చినా షీటులో కనపడదు. ఏ బడికి ఎలాంటి పిల్లలు వస్తున్నారన్నదీ కనపడదు. ప్రవేశ పరీక్ష పెట్టి చేర్చుకున్న బడీ, వచ్చినవాళ్లందర్నీ చేర్చుకున్న బడీ ఒకే వరసలో ఉన్నాయి.

గణాంకం_గుంటూరు

మొదటిదానికి అవును. బృందం వెళ్లిన బడుల్ని, అంతే తక్కువ వచ్చినా బృందం వెళ్లని బడులతో పోలిస్తేనే బృందం ఘనత తెలుస్తుంది.

రెండోదాన్నే 1996లో గోల్డ్‌స్టైన్, స్పీగల్‌హాల్టర్ రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు విపులంగా చర్చించారు. పిల్లాడు చేరేనాటికి ఎక్కడున్నాడు, వెళ్లేనాటికి ఎక్కడికి చేరాడు అన్న ప్రగతిని కొలవాలి, దాన్ని వాల్యూ యాడెడ్ అంటారు. పిల్లలు బడుల్లో, బడులు మండలాల్లో ఉంటారు కాబట్టి ఈ అంచెలన్నిటినీ లెక్కలోకి తీసుకునే మల్టీలెవల్ మోడల్ వాడాలి. అలా సర్దాక కూడా ఇంటర్వెల్స్ (ఒక్కో అంచనా అటూ ఇటూ ఊగే హద్దులు) గీస్తే, చాలా బడులను ఒకదాన్నుంచి ఇంకొకదాన్ని వేరు చేయలేమని వాళ్లు చూపించారు. ఇంగ్లండులో 1992లో ఉత్త ఫలితాల పట్టికలతో మొదలుపెట్టి, 2016 నాటికి ప్రోగ్రెస్ 8 అనే ప్రగతి కొలతకు వచ్చారు. అక్కడా తగవులు తీరలేదు.

మన దగ్గర చిక్కు ప్రారంభ మార్కు. తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దేది ఆ బడివాళ్లే. ప్రగతికి మార్కులిస్తామంటే తొమ్మిదిలో మార్కులు తగ్గించి వేయాలన్న ఆశ పుడుతుంది. 2024 డిసెంబరు 4న దేశమంతటా పిల్లల చదువు స్థాయి చూడటానికి జరిగిన పరఖ్ సర్వే 3, 6, 9 తరగతుల పిల్లల మీద జరిగింది గానీ అది నమూనా సర్వే, బడి బడికీ కొలత ఇవ్వదు. బయటివాళ్లు దిద్దే ప్రారంభ పరీక్ష ఒకటి లేకుండా మనం వాల్యూ యాడెడ్ అనడం తొందరపాటే.

బెంజిసర్కిల్_డేటా

ర్యాంకుకు కూడా ఇంటర్వెల్ వేయొచ్చని ఎవరూ చెప్పలేదు. ప్రతి బడి ఫలితాన్నీ దాని ఊగిసలాట మేరకు కంప్యూటర్లో పదివేలసార్లు మళ్లీ పుట్టించి, ప్రతిసారీ వరస కట్టి, ఒక్కో బడి ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా తిరిగిందో చూడటమే. 1998లో బ్రిటన్‌లోని 52 ఐవీఎఫ్ (సంతాన సాఫల్య) కేంద్రాల మీద మార్షల్, స్పీగల్‌హాల్టర్ ఇలాగే చేస్తే చాలా కేంద్రాల ర్యాంకు పట్టికలో ఎంతో దూరం తిరిగింది. మన సూర్యారావుపేటలో ఆటోల వెనక ఇలాంటి కేంద్రాల సక్సెస్ రేటు చదివినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. ఎంతమందికి, ఏ వయసువాళ్లకి, ఎన్నో ప్రయత్నంలో అన్నది ఉండదు.

పటమట_అమ్మ

సరే, నాలాంటివాళ్లం బడికి వెళ్లినప్పుడు ఏం అడగాలో ఒక్క మాటలో చెప్పండి.

గణాంకం_గుంటూరు

ఎనిమిదిలో ఎంతమంది ఉన్నారు, వాళ్లలో ఎంతమంది అదే బడిలో పది రాశారు, ఎంతమంది పాసయ్యారు, మూడేళ్లవీ కావాలని అడగండి. ఎనిమిదికీ పదికీ మధ్య పిల్లలు బాగా తగ్గితే ఎందుకో అడగండి. మొదటి మార్కు ఎంతని అడగొద్దు, మధ్యలో ఉన్న పిల్లాడికి ఎంతొచ్చిందో అడగండి. ఇంకోటి, మీ పాప పది రాసేది దాదాపు మూడేళ్ల తర్వాత. ఇవాళ్టి పట్టిక ఇప్పటికే వెళ్లిపోయిన పిల్లలది. లెకీ, గోల్డ్‌స్టైన్ 2009లో ఈ కాలం తేడాను లెక్కలోకి తీసుకుని చూస్తే, తల్లిదండ్రులు ముందుగానే వేరుచేసి చెప్పగలిగే బడులు చాలా కొద్దిగా మిగిలాయి. కాబట్టి హద్దుల లోపలున్న రెండు మూడు బడుల్లో ఇంటికి దగ్గరైనది, పాపకు నచ్చినది చూసుకోవచ్చు, బెంగ పెట్టుకోకండి.

వార్డు_డాక్టర్

కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు తెచ్చింది. ర్యాంకరు ఏ కోర్సు తీసుకున్నాడో చెప్పాలి, అనుమతి లేకుండా ఫొటో వాడకూడదు. ఎక్కడైనా అతిక్రమిస్తే ఫిర్యాదు చేయండి, ఊరికే వదలొద్దు.

పొన్నూరు_లెక్కలు

అందరికీ ధన్యవాదాలు. హెచ్చెమ్ గారితో కలిసి అర్జీ రాశాం. వచ్చే ఏడు షీటులో శాతం పక్కన రాసినవాళ్ల సంఖ్య, మూడేళ్ల మొత్తం, ఎనిమిదిలో ఉన్న పిల్లల సంఖ్య ఉండాలని, ఎరుపు రంగు 99.8 హద్దు కింద ఉన్నవాటికే వేయాలని అడిగాం. ఎక్సెల్‌లో బైనామ్.ఇన్వ్ అనే ఫంక్షన్‌తో ఆ హద్దు వస్తుందని మా కంప్యూటర్ మాస్టారు చేసి చూపించారు. పాత ఫలితాలతో మండలం మొత్తానికి గీసిన ఫనెల్ ప్లాటు కూడా జతచేశాం. ఇంకేమైనా చేర్చాలా?

ఐక్యూఏసీ_విజయవాడ

35 లోపు వచ్చినవాళ్ల సగటు మార్కు ఒక వరస చేర్చండి మాస్టారూ. 15 నుంచి 30కి తెచ్చిన పిల్లాడు అందులోనే కనపడతాడు.

డిపో_రిటైర్డ్

ఆ ప్లాటు కాగితం మీద పెద్దగా ప్రింటు తీసి తీసుకెళ్లండి. సమీక్షలో ఫోన్ స్క్రీన్ ఎవరూ చూడరు.